కలివికోడియు, మన బంజరు గుట్టలును

గ్రామ భూముల లెక్కలు తిరుగవేసినపుడు సాగుభూమి, చెరువు శిఖము, బంచరాయి అను వానితోపాటు గుట్టలు, పోరంబోకు, సాగునకు పనికిరానివి అను పద్దు ఒకటి కానవచ్చును. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో ఈ పద్దు క్రింద చేరిన నేల స్వల్పము కాదు. రాతిబండలు, రేగుపొదలు, కలే పండ్ల పొదలు, నడుమ నడుమ గులకనేల, ఇదియే దాని స్వరూపము. పంచాయతీ సమావేశమున ఈ నేల ప్రస్తావన వచ్చినపుడెల్ల దానిని ఎట్లు బాగుచేయవలెను, ఏ పనికి ఇయ్యవలెను అను చర్చయే జరుగును. అచ్చట ఇప్పటికే ఏ ప్రాణి కాపురమున్నదను ప్రశ్న అరుదుగా పుట్టును. ఆ ప్రశ్న సకాలమున పుట్టకపోవుటవలన తెలుగునాడు తన సొంతమైన ఒక పక్షిని ఇంచుమించు పోగొట్టుకొన్నది. ఆ పక్షి పేరు కలివికోడి. దాని వృత్తాంతమును పంచాయతీ సభ్యుల ఎదుట ఉంచుట మా ఉద్దేశము.

పేరున కోడి యున్నను ఇది కోడిజాతికి చెందినది కాదు. మన పొలముల గట్లపై అరచు తీతువుపిట్టకు దూరపు బంధువని చెప్పవచ్చును. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు కౌజుపిట్ట యంత. కాళ్లు సన్నగను పొడవుగను ఉండును. రొమ్మునకు అడ్డముగా రెండు గోధుమవన్నె పట్టెలు, గొంతు క్రింద కావిరంగు మచ్చ, కనుబొమ వలె తెల్లని వెడల్పాటి చార, ఇవి దీని గుర్తులు. కన్నులు శరీరమునకు మించిన పెద్దవి. ఇందుకు కారణము లేకపోలేదు: ఇది రాత్రివేళ సంచరించు పక్షి. పగలంతయు పొద నీడను కదలక మెదలక ఉండును. దాని వన్నె నేల వన్నెలో కలిసిపోవుటచేత పది అడుగుల దూరమున నడచిపోవువానికైనను కనబడదు. రెక్కలున్నను ఎగురుటకంటె పరుగెత్తుటకే ఇష్టపడును. చెదలు, చీమలు మొదలగు పురుగులు దీని ఆహారము. చెదలు తిను ప్రాణి రైతునకు శత్రువు కాజాలదని వేరుగ చెప్పనక్కరలేదు. కలివి పొదలు గల చోట మసలుటచేత కడప ప్రాంతపు జనులు దీనికి కలివికోడి యని పేరుపెట్టిరి. కలివి యనగా మన వైపు కలే పండ్లు కాచు ముండ్లపొదయే.

1848లో టి.సి. జెర్డన్ అను సైనిక వైద్యుడు నెల్లూరు, కడప సీమల నడుమనున్న తూర్పు కనుమలలో ఈ పక్షిని కనుగొని శాస్త్రలోకమునకు తెలిపెను. అందువలన ఆంగ్లమున దీనిని జెర్డన్స్ కోర్సర్ అని వ్యవహరింతురు. ఇది ప్రపంచమున మరి యే దేశమునను లేదు. భారతదేశమునను తూర్పు కనుమల చెంత, పెన్నా గోదావరీ లోయలలో మాత్రమే దీనిని చూచినట్లు ఆ కాలపు వ్రాతలు చెప్పుచున్నవి.

గోదావరి మాట వచ్చినది కనుక మెట్‌పల్లి వారు ఇచ్చట కొంచెము ఆగవలెను. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున డబ్ల్యు.టి. బ్లాన్‌ఫర్డ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు గోదావరి, ప్రాణహిత లోయలలో రాతిపొరలను పరిశీలించుచు తిరిగెను. సిరొంచ, భద్రాచలము ప్రాంతముల పొదల అడవులలో ఆయన ఈ పక్షిని చూచెను. సిరొంచ కాళేశ్వరమునకు ఆవలి ఒడ్డు. మెట్‌పల్లికి సరిగా తూర్పున, పక్షి ఎగురు దారిన సుమారు 140 కిలోమీటర్ల దూరము. మెట్‌పల్లికి ఉత్తరముగా పారి ధర్మపురి మీదుగ పోవు గోదావరియే అచ్చట ప్రాణహితను కలుపుకొనుచున్నది. అనగా కలివికోడి ఎక్కడనో రాయలసీమ మారుమూలకు చెందిన వింత పక్షి మాత్రమే కాదు. మన నది దిగువనున్న పొదలలోను ఒకప్పుడు పరుగెత్తినది. నేడు ఆ గోదావరి లోయలో దాని జాడ లేదు.

1900లో అనంతపురము పరిసరములలో ఒకరి కంటబడిన తరువాత ఈ పక్షి కానరాలేదు. 1929-30 ప్రాంతమున వెర్నే పరిశోధక బృందము తూర్పు కనుమలను పక్షుల కొరకే గాలించినను దీనిని కనుగొనలేకపోయినది. క్రమముగా పండితులు ఇది అంతరించినదని తలపోసిరి. ఇక్కడ ఒక విశేషము చెప్పవలసియున్నది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతమున సేకరింపబడిన ఒక గ్రుడ్డు స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో సుమారు నూరేండ్లు ఎవరి దృష్టికిని రాక పడియుండెను. ఇటీవలి కాలమున దానిని జన్యుపరీక్ష చేయగా కలివికోడి గ్రుడ్డని తేలినది. ఈ పక్షి గ్రుడ్డు అను పేర ప్రపంచమున భద్రపరచబడినది అదియొకటే.

అంతరించినదనుకొన్న పక్షిని మరల లోకమునకు చూపినది ఎవరు? బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు, డాక్టర్ సలీం అలీ ప్రోత్సాహమున, దీనికొరకు మరల వెదకుట ప్రారంభించిరి. ఆ సంస్థ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా గ్రామములలో తిరిగి, పక్షి చిత్రమును చూపి, పిట్టలు పట్టువారిని, పశువుల కాపరులను, కట్టెలు కొట్టువారిని విచారించెను. 1986 జనవరిలో సిద్ధవటము చెంతనున్న రెడ్డిపల్లి గ్రామ సమీపమున ఒక స్థానికుడు రాత్రివేళ ఒక కలివికోడిని సజీవముగా పట్టి తెచ్చెను. ఆ పక్షి ఎక్కువ దినములు బ్రతుకలేదు. అయినను 86 సంవత్సరముల సందేహము తీరినది. గ్రంథములు లేదన్న పక్షి ఉన్నదని ఆ ఊరివానికి ముందే తెలియును. అతనిని అడిగినవారు అంతవరకు లేకపోయిరి. మా దృష్టిలో ఈ వృత్తాంతమంతటిలోను గ్రామ పెద్దలు గుర్తుంచుకొనదగిన భాగమిది.

తరువాత ప్రభుత్వము ఆలస్యము చేయలేదు. 1988లో కడప, బద్వేలు నడుమనున్న లంకమల కొండల చుట్టును 464 చదరపు కిలోమీటర్ల భూమి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఆ యేడే ఈ పక్షి చిత్రముతో తపాలా బిళ్ల వెలువడినది. బిళ్ల మీద చూచినవారే గాని పక్షిని కన్నులార చూచినవారు దేశమున మిక్కిలి తక్కువ.

ఇక కలివికోడికి ఎట్టి నేల కావలెనో చూతము. దీనిని తెలిసికొనుటకు పరిశోధకులు చేసిన ఉపాయము ముచ్చటైనది. పొదల నడుమ మెత్తని మట్టిని జల్లించి సన్నని పట్టీలుగా పరచి, తెల్లవారిన పిదప దానిపై పడిన అడుగుజాడలను లెక్కించిరి. ఈ పక్షికి వెనుకవ్రేలు లేదు, మూడు వ్రేళ్లే. కొలతలనుబట్టి దాని అడుగును ఇతర పక్షుల అడుగులనుండి వేరుపరుపవచ్చును. ఇట్లు ఏండ్ల తరబడి పరిశీలించి వారు ఒక లెక్క కట్టిరి. రెండు మీటర్లకు మించిన ఎత్తుగల పెద్ద పొదలు హెక్టారునకు 300 మొదలు 700 వరకు ఉన్నచోటనే ఈ పక్షి ఎక్కువగా మసలును. మన లెక్కలో ఎకరమునకు సుమారు 120 మొదలు 280 పొదలు. అనగా పొదకు పొదకు నాలుగు మొదలు ఆరు మీటర్ల ఎడము, నడుమ పరుగెత్తుటకు వట్టి నేల. అంతకంటె పలుచబడిన దాగుటకు చోటుండదు. అంతకంటె చిక్కబడిన పరుగెత్తుటకు చోటుండదు.

ఈ లెక్కను మనము నిదానముగా ఆలోచింపవలెను. పొదలన్నియు నరికి పంట వేసినను, నిమ్మతోట పెట్టినను కలివికోడి పోవును. మంచి ఉద్దేశముతో ఆ నేలనంతయు చిక్కని వనముగా పెంచినను అది పోవును. మితమైన మేతయు, అక్కడక్కడ కట్టె కొట్టుటయు పొదలను విరళముగా ఉంచుటకు కొంత తోడ్పడుచుండ వచ్చునని పరిశోధకులు భావించిరి. మేత మితిమీరిన చోట, వంటచెరకుకై పెద్ద పొదలను మొదలంట కొట్టిన చోట పక్షి కానరాలేదు. కావున పశువులను పూర్తిగా తరుముట కాని, పూర్తిగా వదలివేయుట కాని మందు కాదు. ఎన్ని పశువులు, ఏ మాసములలో, ఏ వైపున అను లెక్కయే ఇచ్చట ముఖ్యము. ఆ లెక్క పట్టణమున కూర్చున్నవారికంటె ఊరివారికే బాగుగ తెలియును.

కృష్ణా జలములను రాయలసీమకును మద్రాసు నగరమునకును చేర్చు తెలుగుగంగ కాలువ ఈ ప్రాంతముగనే పోవలసివచ్చినది. 2005లో కాలువ తవ్వకము కలివికోడి ఉనికి రుజువైన పొదల భూమిలోనికి చొచ్చినది. పరిశోధకులు అధికారుల దృష్టికి తెచ్చిన పిదప పని ఆగినది. కాలువ మార్గము మార్చబడినది. పక్షి నివాసమునకై మరికొంత భూమిని సేకరించుటకు ప్రభుత్వము పూనుకొన్నది. కాకతీయ కాలువ నీటి విలువ ఎరిగిన మెట్‌పల్లి, కోరుట్ల రైతులకు కాలువ వలదని చెప్పుట మా తలంపు కాదు. ఎవరును అట్లు చెప్పలేదు కూడ. కాలువ కొంచెము ప్రక్కకు జరిగినను నీరు పారును. పక్షి ఉన్న పొదలు ప్రక్కకు జరుగవు. ఆ సంగతి తవ్వకమునకు ముందే తెలిసియుండిన రెండు వైపుల నష్టమును తప్పియుండెడిది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ప్రపంచమందలి జీవజాతుల స్థితిని విచారించి ఒక ఎర్ర పట్టికను ప్రకటించుచున్నది. అందులో పూర్తిగా అంతరించినవి, అడవిలో లేక బోనులలో మాత్రమే మిగిలినవి అను తరగతుల తరువాత వచ్చునది, మిక్కిలి తీవ్రమైన ప్రమాదములో నున్న జాతుల తరగతి. కలివికోడి ఈ తరగతిలో నున్నది. పెరిగిన పక్షులు 50కి పైగా, 250కి లోపుగా మిగిలియుండవచ్చునని ఆ సంఘపు అంచనా. మన వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 దీనిని మొదటి షెడ్యూలులో చేర్చి గరిష్ఠమైన రక్షణ ఇచ్చినది. 2009 తరువాత చాల కాలము దీని జాడ తెలియలేదు. 2025 ఆగస్టులో సిద్ధవటము ప్రాంతమున దీని కూత మరల వినబడి ధ్వనిముద్రణము చేయబడినది. అభయారణ్యముల సంగతి ఇట్లున్నది: రక్షణ రేఖ గీచినంతనే పక్షి బ్రతుకదు. కర్నూలు జిల్లా రోళ్లపాడులో, నేడది నంద్యాల జిల్లా, బట్టమేకపిట్ట కొరకు 1988లోనే అభయారణ్యము ఏర్పడినది. చుట్టునున్న గడ్డినేలలు సాగులోనికి పోగా ఆ పక్షికి లోపలి కొద్ది భూమి చాలలేదు. దేశమంతటను నేడు బట్టమేకలు 150కి మించవని అంచనా.

ఇప్పుడు మన గుట్టల వైపు తిరుగుదము. మెట్‌పల్లి చుట్టుపట్ల కలివికోడిని వెదకుమని మేము చెప్పుటలేదు. ఆ పక్షి ఎట్టి నేలలో బ్రతికినదో అట్టి నేలలో బ్రతుకు నేలపిట్టలు మన యొద్ద నేటికిని కలవు. కౌజు, పూరేడు, తీతువు, నెమలి మనకు నిత్యము కనబడునవే. రాతిగుట్టల పొదలలో జిట్టకోడి యున్నది. అలికిడికి చటుక్కున పొదలో దూరుటచేత దానిని చాలమంది ఎరుగరు. అడవికోళ్ల విషయమున మరియొక ముచ్చట కలదు. దేశమున ఎర్ర అడవికోడి ఉత్తరమునను, బూడిదవన్నె అడవికోడి దక్షిణమునను ఉండును; తూర్పు వైపున ఈ రెంటి సరిహద్దు సుమారుగా గోదావరియే యని పక్షిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ సరిహద్దు ఒడ్డున మన గ్రామములున్నవి.

ఈ పక్షులన్నిటికిని సమానమైన కష్టమొకటి యున్నది. ఇవి చెట్టుపై గూడు కట్టవు. కౌజు పొద మొదట నేలను గీరి గ్రుడ్లు పెట్టును. తీతువు మరింత ధైర్యముతో బయలు గులకరాళ్ల నడుమ నాలుగు గ్రుడ్లు పెట్టి, సమీపించినవారిపై అరచుచు ఎగురును. తునికాకు చిగురు బాగుగ వచ్చునని మాఘ ఫాల్గుణములలో అడవికి పెట్టు నిప్పు, కోతల పిదప పొలమున పెట్టి గట్టుదాటి గుట్టకు ప్రాకు నిప్పు, ఈ గూళ్లను గ్రుడ్లతో సహా కాల్చివేయును. చెట్టుమీది పక్షి మరియొక కొమ్మకు పోవచ్చును. నేలపిట్టకు నేలయే కొమ్మ. ఇక మొరము తవ్వకము సంగతి చెప్పనేల! రోడ్డుపనికి ఒక మూల తీయుటకు అనుమతించిన మొరము క్రమముగా గుట్టనంతయు తినివేయుట మనమెరుగని విషయము కాదు.

నెమళ్ల మాట యెత్తినచో రైతులు వెంటనే పంటనష్టమును గురించి చెప్పుదురు. అది న్యాయమే. మక్కచేలను, కూరగాయ మడులను నెమళ్లు పాడుచేయుట నిజము. 1963లో జాతీయపక్షిగా గౌరవము పొందిన ఆ పక్షికి విషపు గింజలు వేయుట మాత్రము చట్టమునకు విరుద్ధము. పైగా ఆ గింజలు తిని కౌజులు, పావురములు, ఊరి కోళ్లు కూడ చచ్చును. నష్టము అధికమైనచోట అటవీ శాఖవారికి వ్రాతపూర్వకముగా తెలుపుటయే మార్గము. కౌజు, పూరేడులను ఉచ్చులతో పట్టి సంతలో అమ్ముటయు నేరమే. తరతరములుగా దానిపై జీవించిన కుటుంబములకు వేరు జీవనోపాధి చూపకుండ కేసులు మాత్రము పెట్టిన, అమ్మకము సంతనుండి చాటునకు పోవునేగాని ఆగదు. పంచాయతీ సభ్యులు దీనిని మనస్సునందుంచుకొనవలెను.

మొక్కల పెంపకమును గురించి ఒక మాట సాహసించి చెప్పుచున్నాము. 2015 మొదలు రాష్ట్రమున గ్రామగ్రామమునను నర్సరీలు ఏర్పడి, కోట్లకొలది మొక్కలు నాటబడినవి. రోడ్ల వెంట, బడి ఆవరణములలో, ఇండ్ల చెంత ఇది ఎంతయో మేలు. లక్ష్యము పూర్తిచేయు తొందరలో రేగు, కలివి పొదలను యంత్రముతో తీసివేసి, ఆ గుట్టవాలున వరుసలుగా మొక్కలు నాటిన మాత్రము లాభమా, నష్టమా అని విచారింపవలెను. అచ్చటి పొదలు ఎవరును నీరుపోయకనే పెరిగినవి. వాని వేళ్లు వాన నీటిని పట్టి మన్ను చెరువులోనికి కొట్టుకొనిపోకుండ ఆపుచున్నవి. మేకలకు ఆకు, పిల్లలకు రేగుపండ్లు, పేదలకు కట్టె ఇచ్చుచున్నవి. వాని స్థానమున నాటినవి వేసవికి ఎండిన, పొదయు పోయినట్లే, మొక్కయు పోయినట్లే. స్థలమును ఎన్నుకొనునపుడు నిజముగా వట్టి నేలను ఎన్నుకొని, పొదల నేలను పొదలకే విడచుట మేలని మా అభిప్రాయము.

ఇందుకు పంచాయతీ చేతిలో సాధనము లేకపోలేదు. జీవవైవిధ్య చట్టము, 2002 ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరుపవలెను. ఆ కమిటీ ఊరి ప్రజలతో సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధపరుపవలెను. ఊరిలో ఏ చెట్లు, ఏ పంటరకములు, ఏ పశువులు, ఏ పక్షులు ఉన్నవి, ఎక్కడ ఉన్నవి, ఎవరికి ఏ జ్ఞానమున్నది అను వివరములు అందులో చేరును. గడువు దగ్గరపడినపుడు పై ఊరి రిజిస్టరు చూచి నింపివేసినవి కొన్నిచోట్ల కలవు. అట్టిది బీరువాలో నుండుటవలన ప్రయోజనము లేదు. తమ గ్రామపు రిజిస్టరును ఒకసారి తెరచి, పక్షుల పుటలో ఏమి వ్రాసియున్నదో సభ్యులు చదువవలెనని కోరుచున్నాము. పుట ఖాళీగా నున్నచో గొల్ల కురుమ సోదరులను, తునికాకు ఏరు స్త్రీలను, ఒకప్పుడు పిట్టలు పట్టిన వృద్ధులను పిలిచి అడుగవలెను. ఏ గుట్టపై నే పిట్ట ఏ మాసమున గ్రుడ్లు పెట్టునో వారు చెప్పుదురు. వారు చెప్పిన గుట్టల పేర్లు, సర్వే నంబర్లు రిజిస్టరులోనికి ఎక్కిన యెడల, రేపు మొరమునకో, రాతిగనికో, కట్టడమునకో దరఖాస్తు వచ్చినపుడు మాటాడుటకు పంచాయతీకి ఒక ఆధారముండును. లంకమలలో కాలువ మార్గము మారుటకు తోడ్పడినది అట్టి వ్రాతపూర్వకమైన ఆధారమే.

గోదావరి దిగువ గ్రామములలో బంధువులున్నవారు, పనులమీద కాళేశ్వరము వైపు పోవువారు కలివికోడి గుర్తులను అచ్చటివారికి తెలుపవచ్చును. ప్రొద్దు గ్రుంకిన ముప్పావు గంటకు, చీకటి పడు వేళ, ఇది కొన్ని నిమిషములు మాత్రము కూయును. రెండక్షరముల చిన్న కూత. దానినే వరుసగా పలుమార్లు పలుకును. తరువాత నిశ్శబ్దము. అట్టి కూత వినబడినను, రొమ్మున రెండు పట్టెలు గల పిట్ట దీపపు వెలుగున కనబడినను దానిని పట్టరాదు, తరుమరాదు. తేదీ, వేళ, స్థలము వ్రాసికొని, చేతి ఫోనులో కూతను ముద్రించి, ఆ ప్రాంతపు అటవీ రేంజి అధికారికి అందజేయవలెను.